ఎడమ బొటనవేలికి పని కల్పించిన మీట
(ఓబో వాద్య చరిత్రలో ఒక అధ్యాయం)

పెండ్లిపందిట్లో నాదస్వరం వినని తెలుగువారు అరుదు. మొనలో రెండు పొరల నాలుక, దాని కింద క్రమక్రమంగా వెడల్పయ్యే కర్రగొట్టం, చివర గంటవంటి మూతి: ఇదీ స్థూలంగా నాదస్వరం రూపం. ఈ కుటుంబానికే చెందిన వాద్యం ఐరోపాలోనూ ఒకటి ఉన్నది. దాని పేరు ఓబో. పొడవు సుమారు 65 సెంటీమీటర్లు. నాలుక రెల్లుజాతి కాడతో చేస్తారు. పాశ్చాత్య వాద్యబృందం కచేరీకి ముందు శ్రుతి కలుపుకొనేటప్పుడు సాధారణంగా మొదట పలికేది ఓబోయే. అప్పుడది వినిపించే స్వరం సెకనుకు దాదాపు 440 కంపనాలు చేస్తుంది.

నేటి ఓబోను చేతిలోకి తీసుకొని చూస్తే కర్ర కన్నా లోహమే ఎక్కువగా కనిపిస్తుంది. ఎన్నో మీటలు, సన్నని ఇరుసులు, సూదులవంటి స్ప్రింగులు గొట్టాన్నంతా కప్పివేసి ఉంటాయి. ఈ మీటలలో రెండింటికి ఒక విశేషం ఉన్నది. వాటివల్ల కొత్త స్వరం ఏదీ పుట్టదు. ఉన్న స్వరాన్నే పై స్థాయికి ఎత్తడం వాటి పని. అందుచేత వాటిని ఆక్టేవ్ మీటలు అంటారు. తెలుగులో స్థాయి మీటలు అనవచ్చును. వాటిలో మొదటిది ఎడమచేతి బొటనవేలి కిందనే ఉంటుంది. 1700 ప్రాంతంలో ఓబో వాయించిన వానికి ఆ బొటనవేలితో వాద్యాన్ని పట్టుకోవడం తప్ప వేరే పని ఉండేది కాదు. దానికి పని ఎట్లా వచ్చినది, ఆ పనిలో ఎంత యంత్రానికి పోయినది, ఎంత వేలికి మిగిలినది అన్నది చూడదగిన చరిత్ర.

మీటలు లేని రోజులు

17వ శతాబ్దపు మధ్యకాలంలో ఫ్రాన్సులో, 14వ లూయీ ఆస్థానంలో, ఓబో రూపు దిద్దుకొన్నది. అంతకు ముందు ఆరుబయట, ఊరేగింపులలో వాయించే షామ్ అనే బిగ్గరైన వాద్యం ఉండేది. దానిని సంస్కరించి, గదిలో తంత్రీ వాద్యాలతో పాటు వాయించడానికి వీలైనదిగా మార్చిన గౌరవాన్ని ఓత్తెతేర్, ఫిలిదోర్ అనే సంగీతజ్ఞుల కుటుంబాలకు చరిత్రకారులు ఇస్తారు. ఆ ఓబోకు ఆరు వేలిరంధ్రాలు, రెండో మూడో మీటలు మాత్రమే ఉండేవి. ఆ మీటలు గొట్టం అడుగుభాగంలో ఉండి, వేళ్లకు అందని రంధ్రాలను మూయడానికి, తెరవడానికి ఉపయోగపడేవి. గొట్టం వెనుకవైపు రంధ్రమూ లేదు, మీటా లేదు.

మరి పై స్థాయి స్వరాలు ఎట్లా పలికేవి? వేళ్ల అమరిక చాలావరకు మార్చకుండానే పెదవుల పట్టు కొంచెం బిగించి, ఊపిరి ఒత్తిడి పెంచితే గొట్టంలోని గాలి ఒక్కసారిగా పై స్థాయికి దూకుతుంది. నాదస్వర విద్వాంసులు నేటికీ చేసేది ఇదే. నాదస్వరానికి వేళ్లతో వాయించే రంధ్రాలు ఏడు. దిగువనున్న మరి కొన్ని రంధ్రాలు మైనంతో పూడ్చి శ్రుతి సరిచేసుకోవడానికి. మీట ఒక్కటైనా లేదు. ఒంగోలు దగ్గరి కరవదిలో పుట్టి 1998లో సంగీత కళానిధి బిరుదు పొందిన షేక్ చినమౌలానా వంటి మహావిద్వాంసులు స్థాయినుంచి స్థాయికి గమకాలతో జారినదంతా పెదవులు, ఊపిరి, వేళ్ల సాయంతోనే.

కాబట్టి మీటలు లేనంతమాత్రాన పై స్వరాలు అందవని అనుకోరాదు. 1781లో మ్యూనిక్ నగరంలో మొజార్ట్ తన మిత్రుడు ఫ్రీడ్రిక్ రామ్ అనే ఓబో విద్వాంసుని కోసం ఒక చతుర్వాద్య రచన చేసినాడు. అందులో ఓబో చాలా ఎత్తైన స్వరాలను అందుకొంటుంది. ఆనాడు వాడుకలో ఉన్నది రెండు మీటల ఓబోయే. ఓబో వాదకుల గట్టితనానికి అది నేటికీ పరీక్షగానే ఉన్నది.

క్లారినెట్టు చూపిన దారి

బొటనవేలితో స్థాయి మార్చే ఉపాయం ఐరోపాకు కొత్తది కాదు. రికార్డర్ అనే వేణువుకు వెనుక ఒక రంధ్రం ఉంటుంది. ఎడమ బొటనవేలిని కొంచెం వంచి ఆ రంధ్రాన్ని సన్నని సందుగా తెరిస్తే స్వరం పై స్థాయికి పోతుంది. 1700 ప్రాంతంలో న్యూరెంబర్గులో యోహాన్ క్రిస్టాఫ్ డెన్నర్ క్లారినెట్టును రూపొందించినప్పుడు ఇట్టి రంధ్రానికే మీట అమర్చి బొటనవేలికి అప్పగించినాడని చెబుతారు.

క్లారినెట్టుకు మీట అప్పుడే రావడానికి, ఓబోకు శతాబ్దానికి పైగా ఆలస్యం కావడానికి కారణం గొట్టాల ఆకారంలోనే ఉన్నది. క్లారినెట్టు గొట్టం లోపల చాలామేరకు ఒకే వెడల్పుగల స్థూపం. ఒక కొన నాలుకతో మూసుకొని ఉన్న స్థూపంలో గాలి స్తంభం మూలస్వరానికి 3, 5, 7 రెట్లు పౌనఃపున్యం గల స్వరాలను మాత్రమే బలంగా పలుకుతుంది. రెండు రెట్ల స్వరం, అంటే పై స్థాయిలోని అదే స్వరం, దానిలో లేదు. గట్టిగా ఊదితే వచ్చేది మూడు రెట్ల స్వరం, అనగా పై స్థాయి పంచమం. ఆ దూకుడు పెద్దది; మీట సాయం లేకుండా నమ్మకంగా సాగదు.

ఓబో గొట్టం శంకువు ఆకారం గలది. శంకువులో, కొన మూసి ఉన్నప్పటికీ, 2, 3, 4 రెట్ల స్వరాలన్నీ వస్తాయి. పై స్థాయి దగ్గరలోనే ఉన్నది గనుక ఊపిరితోనే అందుతుంది. ఈ భేదాన్ని జర్మన్ శాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్జ్ 1863లో ప్రకటించిన తన ధ్వనిశాస్త్ర గ్రంథంలో వివరించినాడు. అయితే వాద్యాలు చేసే పనివారు అప్పటికే తరతరాలుగా ఆ భేదాన్ని చెవితో కనిపెట్టి, దానికి తగినట్లు రంధ్రాలు తొలుస్తూ వచ్చినారు.

19వ శతాబ్దంలో పరిస్థితి మారినది. కచేరీ మందిరాలు పెద్దవైనాయి. వాద్యబృందాలు పెరిగినవి. పన్నెండు స్వరస్థానాలలో దేనినైనా ఆధార షడ్జమంగా పెట్టుకొని రచనలు వెలువడసాగినవి. పై స్వరాన్ని మెల్లగా, తడబాటు లేకుండా, ముందు సూచన లేకుండా ఎత్తుకోమని రచయితలు అడుగసాగినారు. గట్టిగా ఊది పైకి ఎక్కడం వేరు, మెల్లగా ఊదుతూ పైన నిలవడం వేరు. రెండవదానికే మీట కావలసి వచ్చినది. 1825లో వియన్నాలో జోసెఫ్ సెల్నర్ ప్రచురించిన బోధనగ్రంథం పదమూడు మీటల ఓబోకు వ్రాసినది. ఆ కాలపు ఓబోలలో స్థాయి మీట కూడా చోటు సంపాదించుకొన్నది.

ఒక్క రంధ్రం ఎందుకు చాలదు?

స్థాయి మీట కింద ఉన్న రంధ్రం చాలా సన్నది. దాని వ్యాసం ఒక మిల్లీమీటరుకు లోపు. అంత చిన్న చిల్లు అంత పెద్ద మార్పు ఎట్లా తెస్తుంది?

గొట్టంలో స్వరం పలుకుతున్నప్పుడు గాలి పీడనం కొన్ని చోట్ల బాగా పెరుగుతూ తరుగుతూ ఉంటుంది. కొన్ని చోట్ల మారకుండా ఉంటుంది. మారని చోటును పీడన అస్పందన స్థానం అంటారు. శంకువులో రెండు రెట్ల స్వరం పలికేటప్పుడు, శంకువు మొననుంచి లెక్కిస్తే సరిగా సగం దూరంలో ఇట్టి స్థానం ఒకటి ఏర్పడుతుంది. అక్కడ చిల్లు ఉన్నా పై స్వరానికి నష్టం లేదు. మారని పీడనం వద్ద బయటికి పోయేదీ, లోపలికి వచ్చేదీ లేదు. మూలస్వరానికి మాత్రం ఆ చోట పీడనం గట్టిగా ఊగిసలాడుతుంది. చిల్లు తెరిస్తే దాని బలం జారిపోతుంది. దాని పౌనఃపున్యమూ కొంచెం పెరిగి, పై స్వరాలతో పొందిక చెడుతుంది. మూలస్వరం తప్పుకోగానే నాలుక పై స్వరంతో పొత్తు కుదుర్చుకొంటుంది. అంటే మీట పై స్వరాన్ని పుట్టించదు. కింది స్వరాన్ని తప్పిస్తుంది.

చిక్కు ఇక్కడే ఉన్నది. వేలిరంధ్రాలు తెరిచినకొద్దీ పలికే గొట్టం పొట్టిదవుతుంది. దాని సగమూ జరుగుతుంది. పాశ్చాత్యుల సి స్వరాన్ని షడ్జమంగా తీసుకొని, ధ్వనివేగం సెకనుకు 345 మీటర్లని పెట్టుకొని లెక్క కడదాము. మధ్యస్థాయి అంతర గాంధారం పౌనఃపున్యం సుమారు 330. దానికి కావలసిన శంకువు పొడవు, అంటే అర తరంగదైర్ఘ్యం, 52 సెంటీమీటర్లు, సగం 26. శుద్ధ ధైవతం 415. సగం సుమారు 21. చతుశ్శ్రుతి ధైవతం 440, సగం 19.6. తారషడ్జమం 523, సగం 16.5 సెంటీమీటర్లు. ఈ దూరాలన్నీ శంకువు ఊహామొననుంచి లెక్కించినవి. వాద్యంలో ఆ మొనను కోసివేసి, ఆ స్థానంలో నాలుకను, దానిని పట్టి ఉంచే లోహపు గొట్టాన్ని అమర్చుతారు.

అంటే న్యాయంగా ప్రతి స్వరానికీ ఒక్కొక్క చిల్లు, ఒక్కొక్క మీట కావాలి. చిల్లు తన చోటుకు దూరమైనకొద్దీ పై స్వరం శ్రుతికి మించి హెచ్చుతుంది, నాదం పలచబడుతుంది. అన్ని మీటలు నొక్కడానికి వేళ్లు లేవు. చివరకు కుదిరిన రాజీ ఇది. తారస్థాయిలో శుద్ధ రిషభం, చతుశ్శ్రుతి రిషభం, సాధారణ గాంధారం అనే మూడింటికి మీట అక్కరలేదు. ఎడమ చూపుడువేలిని పక్కకు దొర్లించి దాని కిందిపలకలోని సన్నని చిల్లును మాత్రం తెరిస్తే చాలును. దీనిని అరరంధ్రం అంటారు. అంతర గాంధారంనుంచి శుద్ధ ధైవతం దాకా అయిదు స్వరాలకు బొటనవేలి కిందనున్న మొదటి స్థాయి మీట. చతుశ్శ్రుతి ధైవతంనుంచి పై షడ్జమం దాకా నాలుగింటికి రెండవ స్థాయి మీట. మొదటి మీట చిల్లుకు 26, 21 సెంటీమీటర్ల నడుమ, రెండవదానికి 19.6, 16.5 సెంటీమీటర్ల నడుమ ఒక మధ్యస్థానం వెదకాలి. ఈ రాజీ ఎంత సున్నితమైనదో అమెరికా భౌతికశాస్త్రజ్ఞుడు ఆర్థర్ బెనేడ్ 1976లో వెలువరించిన సంగీత ధ్వనిశాస్త్ర గ్రంథం చదివితే తెలుస్తుంది.

పారిస్ పనివారు

ఈ రాజీని నేటి రూపానికి తెచ్చినవారిలో ముఖ్యులు పారిస్ పనివారు. జర్మనీలో పుట్టి పారిస్‌లో స్థిరపడిన గియోం ట్రిబేర్ 1810లో కర్మాగారం ప్రారంభించినాడు. అతని కుమారుడు ఫ్రెడెరిక్ (1813–1878) ఒకదానివెంట ఒకటిగా ఓబో నమూనాలను మెరుగుపరచినాడు. 1832లో మ్యూనిక్ వాసి థియోబాల్డ్ బోమ్ వేణువుకు ఉంగరపు మీటలు అమర్చినాడు. ఒక వేలు ఒక రంధ్రాన్ని మూస్తూనే ఇరుసు ద్వారా దూరాన ఉన్న మరొక రంధ్రాన్నీ కదిలించగలగడం దానివల్ల సాధ్యమైనది. ట్రిబేర్ వంటివారు ఈ సూత్రాన్ని ఓబోకు తమ పద్ధతిలో అన్వయించుకొన్నారు.

ఇక్కడ బొటనవేలి కథ మలుపు తిరిగినది. 1849 ప్రాంతంలో ట్రిబేర్ చేసిన నమూనాలో ఎడమ బొటనవేలి కింద ఒక పలక అమరినది. ఆ పలకపై బొటనవేలి కదలికతోనే కైశిక నిషాదం, షడ్జమం పలుకుతాయి. లండనులో స్థిరపడిన ఫ్రెంచి విద్వాంసుడు అపోలాన్ బరే ట్రిబేర్‌తో కలిసి ఈ మార్గంలో కృషి చేసినాడు. 1850లో మొదట వెలువడిన అతని బోధనగ్రంథాన్ని విద్యార్థులు ఇప్పటికీ సాధన చేస్తారు. పలక చక్కని ఉపాయమే. కాని ఒకప్పుడు ఏ పనీ లేని బొటనవేలికి ఇప్పుడు రెండు పనులు: పలకను చూసుకోవాలి, పలక పక్కనే ఉన్న స్థాయి మీటనూ చూసుకోవాలి.

ట్రిబేర్ సంస్థ తరువాత చేసిన ఆరవ నమూనాలో పలక పనిని కుడి చూపుడువేలికి మార్చినారు. బొటనవేలికి స్థాయి మీట ఒక్కటే మిగిలినది. ట్రిబేర్ దగ్గర పనిచేసిన ఫ్రాంస్వా లొరే 1881లో సొంత కర్మాగారం పెట్టినాడు. 1882లో పారిస్ సంగీత విద్యాలయంలో ఆచార్యుడైన జార్జ్ జిల్లే ఈ నమూనాను ఆదరించినాడు. అప్పటినుంచి దానికి కన్సర్వత్వార్ పద్ధతి అనే పేరు స్థిరపడినది. 1906లో జిల్లే, లొరే సంస్థ కలిసి ఉంగరాలకు బదులు మూతపలకలు అమర్చిన నమూనా తెచ్చినారు. జిల్లే శిష్యుడు మార్సెల్ టాబుటో అమెరికా వెళ్లి ఫిలడెల్ఫియాలో తరాల విద్యార్థులను తయారుచేయడంతో ఈ పద్ధతి అక్కడా వేళ్లూనినది. బ్రిటనులో మాత్రం బొటనవేలి పలక నిలిచిపోయినది. అక్కడి సుప్రసిద్ధ విద్వాంసుడు లియోన్ గూసెన్స్ (1897–1988) వాయించినది పలక గల ఓబోయే.

యంత్రానికి ఎంత, వేలికి ఎంత?

రెండు స్థాయి మీటలు వచ్చిన తరువాత కొత్త ఇబ్బంది పుట్టినది. శుద్ధ ధైవతంనుంచి చతుశ్శ్రుతి ధైవతానికి తెంపు లేకుండా పోవాలంటే బొటనవేలు మొదటి మీటను వదిలిన క్షణంలోనే చూపుడువేలి పక్క ఎముక రెండవ మీటను నొక్కాలి. రెండూ ఒక్క క్షణం తెరిచి ఉంటే స్వరం చెదురుతుంది. రెండూ ఒక్క క్షణం మూసి ఉంటే స్వరం కింది స్థాయికి పడిపోతుంది. ఇది ఒక అర్ధస్వరపు అడుగు మాత్రమే, కాని ఓబో నేర్చేవారికి గండి.

దీనికి రెండు పరిష్కారాలు వచ్చినవి. మొదటిది అర్ధస్వయంచాలక పద్ధతి. ఇందులో రెండవ మీటను నొక్కగానే ఒక చిన్న లోహపు చేయి మొదటి రంధ్రాన్ని తానే మూసివేస్తుంది. బొటనవేలు దిగకపోయినా ప్రమాదం లేదు. రెండవది సంపూర్ణ స్వయంచాలక పద్ధతి. ఇందులో బొటనవేలి మీట ఒక్కటే రెండు రంధ్రాలకూ ఏలిక. ఏది తెరవాలో ఎడమ ఉంగరపువేలు నిర్ణయిస్తుంది. శుద్ధ ధైవతం దాకా ఆ వేలు దిగే ఉంటుంది గనుక మొదటి రంధ్రం తెరుచుకొంటుంది. చతుశ్శ్రుతి ధైవతానికి ఆ వేలు ఎలాగూ లేవాలి. లేవగానే మొదటిది మూసుకొని రెండవది తెరుచుకొంటుంది. 1846లో పారిస్‌లో హక్కుపత్రం పొందిన సాక్సఫోనుకు కూడా మొదట బొటనవేలికి విడివిడిగా రెండు మీటలుండేవి. తరువాత అవి ఈ తర్కంతోనే ఒక్కటైనవి.

సంపూర్ణ స్వయంచాలకం ఇంత సులువైనప్పుడు అందరూ దానినే ఎందుకు స్వీకరించలేదు? యంత్రం ఉంగరపువేలిని మాత్రమే చూస్తుంది. వాదకుని ఉద్దేశాన్ని చూడదు. పై షడ్జమాన్ని దాటిన స్వరాలకు వేళ్ల అమరిక మామూలు వరుసలో ఉండదు. మంద్రస్వరపు వేళ్లతోనే మూడు రెట్ల స్వరాన్ని మృదువుగా పలికించే ఉపాయాలూ ఉన్నవి. ఉంగరపువేలు దిగి ఉన్నప్పుడు రెండవ రంధ్రం కావాలంటే ఆ యంత్రం ఇవ్వదు. అర్ధస్వయంచాలకంలో ఎంపిక వాదకునిదే. అందుచేత ఫ్రాన్సు, అమెరికా దేశాలలో అర్ధస్వయంచాలకం, జర్మనీ, నెదర్లాండ్స్ దేశాలలో ఎక్కువగా సంపూర్ణ స్వయంచాలకం వ్యాపించినవి. వియన్నాలో వేరొక తరహా ఓబో ఉన్నది. ఏది నెగ్గినదని అడిగితే, ఏదీ నెగ్గలేదు. సులువు కోరినవారు స్వేచ్ఛలో కొంత, స్వేచ్ఛ కోరినవారు సులువులో కొంత వదులుకొన్నారు.

బొటనవేలి సాధన

ఇంత యంత్రం ఉన్నా ప్రారంభ విద్యార్థికి గురువు మొదట దిద్దేవాటిలో బొటనవేలు ఒకటి. దానిని మీటపైనుంచి పూర్తిగా ఎత్తి మళ్లీ మోదడం దోషం. ఎత్తినంతసేపు కాలం పోతుంది, దిగినప్పుడు మీట చప్పుడవుతుంది, పైగా ఎడమచేయి అంతా కదిలి మిగిలిన వేళ్లు రంధ్రాలపైనుంచి జారుతాయి. మీటకు ఆనుకొని ఏటవాలుగా బొటనవేలిని నిలిపి, దాని కొన అంచును మీటమీదికి దొర్లించడం సరియైన పద్ధతి. కదలిక మొదటి కణుపు దగ్గర మాత్రమే ఉండాలి. వాద్యపు బరువును కుడి బొటనవేలు మోస్తుంది గనుక ఎడమది తేలికగా ఉండగలదు. రెండవ మీటకు కూడా చూపుడువేలిని ఎత్తనక్కరలేదు. చేతిని కొంచెం తిప్పితే కణుపు పక్క భాగం మీటకు తగులుతుంది. ఒకే స్వరాన్ని రెండు స్థాయిలలో మార్చి మార్చి, ఊపిరి ఆపకుండా పలికించడం దీనికి ప్రధాన సాధన. పెదవులు ఎక్కువగా బిగిసిపోకుండా మీటను నమ్మడం అలవాటు కావాలి. ఊపిరిని పూర్తిగా వదిలి మీటనే నమ్మితే స్వరం పలుకుతుంది గాని నిలవదు.

ఇంకొక శత్రువు ఉన్నది: నీటిచుక్క. ఊపిరిలోని ఆవిరి చల్లని కర్రకు తగిలి నీరవుతుంది. ఒక మిల్లీమీటరైనా లేని చిల్లులో చేరిన చుక్కను తలతన్యత పట్టి ఉంచుతుంది. అప్పుడు బొటనవేలు ఎంత నేర్పుగా దొర్లినా ఆ చిల్లు మూసి ఉన్నట్లే. పై స్వరం గరగరమని కిందికి జారుతుంది. కచేరీల మధ్య ఓబో వాదకులు ఒక మీటను ఎత్తి చిల్లులోకి గట్టిగా ఊదడం, మీట మెత్త కింద సిగరెట్టు కాగితపు ముక్క పెట్టి తేమ పీల్చడం అందుకే. మూడు శతాబ్దాల నేర్పుతో పనివారు చోటు వెదకి తొలిచిన ఆ చిల్లు పనిచేయాలంటే ముందు అది పొడిగా ఉండాలి. ఆ సంగతి చూసుకోవడం ఏ పద్ధతిలోనూ యంత్రానికి అప్పగించలేదు.